పదకొండు టిక్కుల కడ్డీ

రాయ్‌పూర్ ఉక్కు కంపెనీల వెబ్‌సైట్లలో సుగుణాల జాబితాలకు లోటు లేదు. కొనేవాడికి పనికొచ్చే ముక్కకే కరవు.

మా బావ రాయ్‌పూర్‌లో ఇల్లు కట్టుకుంటున్నాడు. భిలాయ్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాడు, అదీ లెక్కల విభాగంలో. రిటైరయ్యాక శ్రీకాకుళం తిరిగి వెళ్లాలా వద్దా అని రెండేళ్లు తర్జనభర్జన పడ్డాడు. చివరికి పిల్లలు ఇక్కడే ఉన్నారన్న కారణంతో రాయ్‌పూర్ శివార్లలో స్థలం కొన్నాడు. పునాది లేచింది. ఇక ఇనుము కొనాలి. నేను వెళ్లిన రోజు సాయంత్రం టీ గ్లాసు పక్కన పెట్టి, ఫోన్ నా చేతికిచ్చాడు. "పత్రికల్లో రాసేవాడివి కదా బావా, ఇవి చదివి ఏ కంపెనీది కొనాలో చెప్పు" అన్నాడు.

మూడు కంపెనీల వెబ్‌సైట్లు. మూడింటిలోనూ పైన కండలు తిరిగిన మనిషి బొమ్మ. కింద వరుసగా ఆకుపచ్చ టిక్కులు, ఒక్కో టిక్కు పక్కన ఒక్కో సుగుణం. భూకంప నిరోధకం. తుప్పు నిరోధకం. అగ్ని నిరోధకం. అధిక బలం. అధిక సాగుదల. కాంక్రీటుతో గట్టి పట్టు. జర్మన్ టెక్నాలజీ. ఐఎస్ఐ మార్కు. 20 శాతం వరకు పొదుపు. పర్యావరణ హితం. నూరు శాతం నాణ్యత. మొత్తం పదకొండు. రెండో సైటులోనూ ఇవే, వరుస మారింది. మూడోదానిలో తొమ్మిదే ఉన్నాయి. ఆ కంపెనీ కడ్డీలో ఏమైనా లోపం ఉందా అన్నది బావ అనుమానం.

నేను రెండుసార్లు చదివాను. ముప్పై ఒక్క టిక్కులు చదివాక కూడా ఒక కంపెనీకీ మరో కంపెనీకీ తేడా ఏమిటో అంతుపట్టలేదు. ఉక్కు గురించి తెలియకపోవడం వల్లేనా అంటే, బావకు తెలుసు కదా. జీవితమంతా ఉక్కు ఊళ్లో గడిపినవాడికే ఈ జాబితా ఏమీ చెప్పలేకపోయిందంటే తప్పు చదివేవాడిది కాదు.

రాయ్‌పూర్‌కు ఇనుము కొత్త సరుకు కాదు. బిలాస్‌పూర్ రోడ్డు మీద సిల్తరా, నగరాన్ని ఆనుకుని ఉర్లా. ఈ రెండు పారిశ్రామికవాడల్లో స్పాంజ్ ఐరన్ బట్టీలు, ఇండక్షన్ ఫర్నేసులు, రోలింగ్ మిల్లులు బారులు తీరి ఉంటాయి. దేశంలో స్పాంజ్ ఐరన్, బిల్లెట్ల ధర ఎంతుందో తెలుసుకోవాలంటే వ్యాపారులు ముందుగా చూసే మార్కెట్లలో రాయ్‌పూర్ ఒకటి. దక్షిణాన బైలదిల్లా, దల్లీ రాజ్‌హరా ఇనుప గనులు, ఉత్తరాన కోర్బా బొగ్గు ఉన్నప్పుడు ఇలా కాకుండా ఎలా ఉంటుంది? బైలదిల్లా ఖనిజాన్ని తవ్వే ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఆ ఖనిజాన్ని విశాఖకు దింపే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం 1960ల నాటిది. రాయ్‌పూర్-విజయనగరం లైను 1931లోనే పూర్తయింది. భిలాయ్‌లో 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగాక ఉత్తరాంధ్ర నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇటు వచ్చేశాయి. మా బావ తండ్రి అలా వచ్చినవాడే.

ఇక్కడ కడ్డీని 'సరియా' అంటారు. ఒకప్పుడు సరియా ప్రకటనలన్నీ గోడల మీదే ఉండేవి. రంగుకు ఖర్చు, పెయింటర్‌కు కూలి, గోడ యజమానికి అద్దె. చోటు తక్కువ కాబట్టి కంపెనీ ఒక్క మాటే ఎంచుకునేది, గట్టిదనమో, నమ్మకమో. వెబ్‌సైటులో చోటుకు డబ్బు పడదు. ఎన్ని టిక్కులు పెట్టినా అదే ఖర్చు. ఏ మాట వదిలేయాలన్న బెంగ లేకపోవడంతో ఏ మాటకూ విలువ లేకుండా పోయింది. ఆ గోడల రాతలే నయమేమో అనిపిస్తుంది అప్పుడప్పుడు.

బావకు జవాబు చెప్పాలి కాబట్టి ఒక్కో టిక్కూ విడదీసి చూడాల్సి వచ్చింది. మర్నాడు ఇంటి ప్లాను గీసిన కుర్ర ఇంజనీరును కూడా కూచోబెట్టుకున్నాం.

ఐఎస్ఐ మార్కుతో మొదలుపెట్టాం. కాంక్రీటులో వాడే ఇలాంటి కడ్డీలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1786. కేంద్ర ప్రభుత్వ నాణ్యతా నియంత్రణ ఉత్తర్వుల ప్రకారం ఆ మార్కు లేకుండా వీటిని అమ్మడమే కుదరదు. చట్టం తప్పనిసరి చేసినదాన్ని సుగుణంగా చెప్పుకోవడం ఎలా ఉందంటే, మా హోటల్లో అన్నం ఉడికించి వడ్డిస్తాం అని బోర్డు పెట్టినట్టుంది. కొనేవాడికి కావలసింది మార్కు ఉందన్న మాట కాదు, సీఎం/ఎల్ అనే అక్షరాల తర్వాత వచ్చే లైసెన్సు నంబరు. ఆ నంబరును బీఐఎస్ కేర్ అనే ఉచిత యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిది, ఏ సరుకుకు, ఇంకా చెల్లుబాటులో ఉందా అన్నది తేలిపోతుంది. బావ చూపిన మూడు జాబితాల్లోనూ ఆ నంబరు లేదు.

జర్మన్ టెక్నాలజీ అంటే తయారీ పద్ధతి. మిల్లులోంచి ఎర్రగా కాలుతూ వచ్చే కడ్డీ మీద నీటిని బలంగా చిమ్మితే పైపొర గట్టిపడుతుంది. లోపల మిగిలిన వేడి మెల్లగా బయటికొచ్చి ఆ పొర పెళుసుదనాన్ని తగ్గిస్తుంది. పైన గట్టిగా, లోపల మెత్తగా ఉండే కడ్డీ తయారవుతుంది. టీఎంటీ అంటే ఇదే. ఈ తరహా పద్ధతి 1970ల్లో బెల్జియంలో రూపుదిద్దుకుంది, తర్వాత జర్మన్ కంపెనీలూ తమ పద్ధతులు తెచ్చాయి. ఇప్పుడు టీఎంటీ అమ్మే మిల్లులన్నీ ఏదో ఒక రూపంలో ఈ పని చేసేవే. వంట ఏ పొయ్యి మీద చేశారన్నది వంటవాడికి ముఖ్యం. తినేవాడికి రుచి ముఖ్యం.

అసలు చిక్కు భూకంపం దగ్గర. 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ ప్రాంతం కంపించి 13 వేల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఇనుము ప్రకటనల్లో భూకంపం మాట కలవడంలో ఆశ్చర్యం లేదు. కానీ కడ్డీకి భూకంప నిరోధం అన్న గుణమే లేదు. భూకంపానికి తట్టుకోవాల్సింది భవనం. డిజైను, స్తంభాలు దూలాలు కలిసేచోట ఇనుము కట్టిన తీరు, కాంక్రీటు, అన్నీ కలిస్తే వచ్చేది ఆ గుణం. అందులో కడ్డీ వంతు ఒకటుంది, అది సాగడం. విపరీతమైన ఊపు వచ్చినప్పుడు పుటుక్కున తెగిపోకుండా సాగుతూ, ఇంట్లోవాళ్లు బయటపడే వ్యవధి ఇవ్వడం.

ఆ సాగుదలకు అంకె ఉంది. ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్ఈ 500 గ్రేడు కడ్డీ తెగేలోపు కనీసం 12 శాతం సాగాలి. ఎఫ్ఈ 500డి అయితే 16 శాతం. చివరన ఉన్న 'డి' అక్షరం వెనక ఉన్న కథ అదే. బలం రెండింటికీ ఒకటే, చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్లు. 'డి' రకంలో గంధకం, భాస్వరం ఒక్కోటి 0.040 శాతం దాటకూడదు, మామూలు 500లో 0.055 దాకా ఒప్పుకుంటారు. కర్బనం పరిమితి కూడా 0.30 నుంచి 0.25కు తగ్గుతుంది. ఈ దశాంశాలు మామూలు మనిషికి ఎందుకూ అనిపించొచ్చు. భాస్వరం ఎక్కువైతే ఉక్కు పెళుసెక్కుతుంది. రాయ్‌పూర్‌లో చాలా మిల్లులు వాడే ఇండక్షన్ ఫర్నేసులో భాస్వరాన్ని వదిలించడం కష్టం. లోపల వేసిన ముడిసరుకులో ఎంతుంటే దాదాపు అంతా కడ్డీలోకి వస్తుంది. కాబట్టి మంచి ఖనిజం, మంచి స్పాంజ్ ఐరన్ కొనే మిల్లుకూ, చేతికందిన తుక్కు కరిగించే మిల్లుకూ మధ్య తేడా తెలిసేది ఈ దశాంశాల్లోనే. నిజాయతీగా ఖర్చు పెట్టిన మిల్లు గర్వంగా చెప్పుకోవాల్సిన అంకె అది. దాని బదులు అది కూడా 'భూకంప నిరోధకం' అని టిక్కు పెట్టి గుంపులో కలిసిపోతోంది.

ఇంకో సంగతి. 2016 నాటి భూకంప ప్రమాణం ప్రకారం రాయ్‌పూర్ తక్కువ ముప్పున్న రెండో జోన్‌లో ఉంది. భుజ్ ఐదో జోన్. అదే టిక్కు ఈ రెండు ఊళ్లవాళ్లకూ ఒకే విలువ ఇవ్వదు. తుప్పు విషయమూ అంతే. మామూలు టీఎంటీ కడ్డీ తుప్పు పడుతుంది, డీలర్ షాపు బయట వానకు తడిసిన కట్టలు చూస్తే చాలు. రాగి, క్రోమియం వంటివి తగుపాళ్లలో కలిపిన ప్రత్యేక రకాలు వేరే ఉన్నాయి, వాటి ధరా వేరే. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న బావకు వాటితో పెద్దగా పని లేదు. భీమిలిలో ఉప్పుగాలికి ఎదురుగా ఇల్లు కట్టే ఆయన తమ్ముడికి ఉంది. ఎవరికి మేలు అన్న సంగతి లేకుండా మేలు గురించి చెప్పడం, రోగి ఎవరో అడక్కుండా మందు చీటీ రాయడంలాంటిది.

అగ్ని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దాదాపు 600 డిగ్రీల వేడి దగ్గర ఉక్కు తన బలంలో సగం దాకా పోగొట్టుకుంటుంది, ఏ బ్రాండయినా. మంట నుంచి కడ్డీని కాపాడేది దాని చుట్టూ ఉన్న కాంక్రీటు మందం. అది మేస్త్రీ చేతిలో ఉంటుంది, మిల్లు చేతిలో కాదు.

ఇక పొదుపు. '20 శాతం వరకు' అన్నప్పుడు దేనితో పోలిస్తే అని అడగాలి. ఆ జవాబు ఏ సైటులోనూ లేదు. కుర్ర ఇంజనీరు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. పాత ఎఫ్ఈ 415 కడ్డీలు ఆరు వేయాల్సినచోట అదే లావు ఎఫ్ఈ 500 కడ్డీలు ఐదు వేస్తే బలం సరిపోతుంది. ఆరు నాలుగువందల పదిహేనులు 2,490, ఐదు ఐదువందలు 2,500. అంటే కాగితం మీద పొదుపు 17 శాతం, ఇరవై కాదు. ఆ పదిహేడూ ఎప్పుడు చేతికొస్తుంది? ఇంజనీరు కొత్త గ్రేడుకు లెక్కగట్టి డిజైను మార్చినప్పుడు. కనీసం ఇంత ఇనుము ఉండి తీరాలన్న నిబంధనలు అడ్డురాని చోట మాత్రమే. మేస్త్రీ అలవాటు ప్రకారం ఆరుకు ఆరూ వేస్తే పొదుపు సున్నా. పైగా ఇప్పుడు బజారులో దొరికేవి ఎక్కువగా 500, ఆపైనే. బావ ప్లాను ముందే 500కు గీసింది. ఆయనకు మిగిలేది ఒక్క రూపాయి కూడా లేదని ఇంజనీరు తేల్చేసరికి బావ ముఖం చూడాలి! లెక్కల మనిషి, ఆ ఇరవై శాతాన్ని అప్పటికే వంటింటి గ్రానైటుకు కేటాయించేశాడు.

పర్యావరణ హితం అన్న టిక్కు చదివేటప్పుడు మాత్రం ఆయన తనంతట తనే నవ్వాడు. సిల్తరా వైపు గాలి వీచిన రోజున మేడ మీద ఆరేసిన బట్టలు ఎలా ఉంటాయో రాయ్‌పూర్ వాసులను అడిగితే చెబుతారు. నిజానికి ఈ మాటకూ ఇప్పుడు కొలత వచ్చింది. 2024 డిసెంబర్‌లో కేంద్ర ఉక్కు శాఖ 'గ్రీన్ స్టీల్'కు నిర్వచనం ఇచ్చింది. టన్ను ఉక్కు తయారీలో వెలువడేది 2.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైనదానికన్నా తక్కువగా ఉంటేనే ఆ పేరు పెట్టుకోవాలి. 2 నుంచి 2.2 మధ్య ఉంటే మూడు నక్షత్రాలు, 1.6 నుంచి 2 మధ్య నాలుగు, 1.6 కన్నా తక్కువైతే ఐదు. బొగ్గు మీద నడిచే స్పాంజ్ ఐరన్ మార్గానికి ఈ పరీక్ష తేలికైంది కాదు. అందుకే ఆ అంకె సాధించిన మిల్లు ఉంటే అది ఆకుపచ్చ టిక్కు పెట్టి ఊరుకోకూడదు, నక్షత్రాలు చెప్పాలి.

ఇంత ఇంటరాగేషన్ తర్వాత పదకొండు టిక్కుల్లో మాకు మిగిలినవి మూడే. బలం, సాగుదల, కాంక్రీటుతో పట్టు. ఆ మూడింటికీ ప్రమాణంలో లెక్కలున్నాయి, వెబ్‌సైట్లలో లేవు. నూరు శాతం నాణ్యత అన్న దాని గురించి చర్చించనేలేదు.

టిక్కుల జాబితా అన్న వస్తువుకు ఒక గౌరవప్రదమైన చరిత్ర ఉందని ఇక్కడ గుర్తు చేయాలి. 1935 అక్టోబర్ 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో బోయింగ్ కంపెనీ కొత్త బాంబర్ విమానం మోడల్ 299ని పరీక్షిస్తుండగా గాల్లోకి లేచీ లేవగానే కూలింది. విమానం నేల మీద ఉన్నప్పుడు రెక్కల, తోక భాగాలు కదలకుండా పెట్టే బిగింపును తీయడం మరిచిపోయారు. నడిపిన ఇద్దరూ అనుభవజ్ఞులే, ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. అప్పటి నుంచి పైలట్ల చేతికి చెక్‌లిస్టు వచ్చింది. బిగింపు తీశావా? తీయకపోతే విమానం కదలదు. ఆ జాబితాకున్న బలమంతా 'లేదు' అన్న జవాబు వచ్చే అవకాశంలోనే ఉంది. వ్యాపారులు దాని ఆకారాన్ని మాత్రమే అరువు తెచ్చుకున్నారు. ఇక్కడ 'లేదు' అనేది ఎప్పటికీ రాదు. ముందే అన్నిటికీ టిక్కు పెట్టి అచ్చువేసిన ప్రశ్నాపత్రం ఇది.

కంపెనీలకు ఇది తెలియదా? సిల్తరాలో ఓ మోస్తరు మిల్లు నడుపుతున్న కుటుంబంలోని కుర్రాడిని బావ స్నేహితుడొకరు పరిచయం చేశారు. తన పేరు, మిల్లు పేరు రాయొద్దన్నాడు. వాళ్ల వెబ్‌సైటులో ఒకప్పుడు అంకెలే పెట్టారట. సాగుదల ఎంత, భాస్వరం ఎంత, మీటరు బరువు ఎంత. ఆరు వరుసలు. ఏడాది తిరక్కుండానే డీలర్ల నుంచి ఫిర్యాదులు. పక్క కంపెనీకి పదకొండు సుగుణాలున్నాయి, మీకు ఆరే ఏమిటి అని కస్టమర్లు అడుగుతున్నారని. చివరికి ఆరు అంకెలు తీసేసి పన్నెండు టిక్కులు పెట్టారు. అమ్మకాలు పెరిగాయా అని అడిగాను. ఫిర్యాదులు ఆగాయన్నాడు. ఇంతకన్నా సూటిగా ఈ వ్యాపారాన్ని ఎవరూ వివరించలేరు. అబద్ధం చెప్పాలని కాదు, పక్కవాడికన్నా తక్కువ కనిపించకూడదన్న భయం. ఆ భయంలో బాగా చేసేవాడు తను బాగా చేస్తున్న సంగతి దాచుకోవాల్సి వస్తోంది. మా బావ కూడా తొమ్మిది టిక్కుల కంపెనీని అనుమానించినవాడే కదా.

కొనేవాళ్లు అంకెలు చదవరన్నది వ్యాపారులు ఎప్పుడూ చెప్పే మాట. ఫ్రిజ్‌ల విషయంలో ఆ మాట నిలబడలేదు. 2006లో ఇంధన సామర్థ్య బ్యూరో నక్షత్రాల లేబుల్ తెచ్చింది. అంతకుముందు ఏ ఫ్రిజ్ చూసినా 'కరెంటు ఆదా' అనే ఉండేది. లేబుల్ మీద నక్షత్రాలతో పాటు ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో అంకె వేశారు. 2010లో ఏసీలకు, ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లకు అది తప్పనిసరైంది. ఈవేళ పెద్దగా చదువుకోని గృహిణి కూడా షాపులో నక్షత్రాలు లెక్కపెడుతుంది. కారణం ఆమెకు ఇంజనీరింగ్ వచ్చని కాదు. ఒక నక్షత్రం ఉన్న ఫ్రిజ్ కూడా అదే వరుసలో కనిపిస్తుంది కాబట్టి. తక్కువ మార్కులు వచ్చినవాడు కూడా జాబితాలో ఉంటేనే ఎక్కువ మార్కులకు అర్థం.

చట్టం సంగతికొస్తే, లోటేమీ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఆ చట్టం కింద 2020లో ఏర్పడ్డ కేంద్ర ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ప్రకటనలపై, 2024 అక్టోబర్‌లో పర్యావరణ గొప్పలపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఆధారం లేకుండా పచ్చదనం గురించి చెప్పుకోవద్దని రెండోదాని సారాంశం. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు కూడా చేయొచ్చు. కానీ 'అధిక బలం' అన్న మాట మీద ఎవరైనా ఏమని ఫిర్యాదు చేస్తారు? దేనికన్నా అధికం అన్నది చెప్పనంత కాలం అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. టిక్కుకున్న పెద్ద సౌకర్యం అది. అంకె రాస్తే పట్టుబడతారు.

ఆ రాత్రి బావ పాత క్యాలెండర్ కాగితం తిరగేసి ఒక జాబితా రాయడం మొదలుపెట్టాడు. కంపెనీలు రాయాల్సింది ఆయన రాశాడు. గ్రేడు ఏది, 500నా, 500డినా? తెగేలోపు ఎంత శాతం సాగుతుంది? గంధకం, భాస్వరం ఎంతెంత? లైసెన్సు నంబరు? ఈ కట్టకు సంబంధించిన పరీక్షా పత్రం ఇస్తారా, దాని మీది హీట్ నంబరు కట్టకు తగిలించిన ట్యాగు మీద ఉంటుందా? హీట్ అంటే ఒకసారి కరిగించి పోసిన ఉక్కు. పత్రం ఒక హీట్‌ది, సరుకు మరో హీట్‌ది అయితే ఆ పత్రం గోడకు అంటించుకోవడానికే.

ఆరోది బరువు. దీని గురించి ఏ వెబ్‌సైటూ మాట్లాడదు, బజారులో గొడవలన్నీ దీని చుట్టూనే. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.888 కిలోలు. 12 మీటర్ల పొడవుకు 10.66 కిలోలు. ఈ సైజులో ఒక్కో కడ్డీ ఆరు శాతం దాకా తేలికగా ఉన్నా ప్రమాణం ఒప్పుకుంటుంది, అంటే పది కిలోల చిల్లర. అంతకన్నా తగ్గితే తప్పు. మేస్త్రీల లెక్క ఇంకా సులువు. లావును మిల్లీమీటర్లలో దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. ముక్కల లెక్కన కొంటే తేలిక కడ్డీ వల్ల నష్టం, తూకం లెక్కన కొంటే బరువెక్కువ కడ్డీ వల్ల నష్టం. చదరపు అడుగుకు నాలుగు కిలోల మోటు అంచనాతో బావ ఇంటికి ఐదు టన్నులు కావాలి. అందులో ఐదు శాతం అటూ ఇటూ అయితే 250 కిలోలు. 'బరువు ఎంతలో తేడా ఉంటుందో చెప్పండి' అని ఆయన ఆరో ప్రశ్న కింద గీత గీశాడు.

ఆ కాగితాన్ని ఫొటో తీసి ముగ్గురు డీలర్లకు వాట్సాప్‌లో పంపాడు. ఒకరు తమ కంపెనీ పదకొండు టిక్కుల బొమ్మను మళ్లీ పంపారు. ఒకరు నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకున్నారు. తొమ్మిది టిక్కుల కంపెనీ డీలర్ మర్నాడు మధ్యాహ్నం పరీక్షా పత్రం పంపాడు. సాగుదల 18 శాతం, భాస్వరం పరిమితికి లోపల, లైసెన్సు నంబరుతో సహా. యాప్‌లో కొట్టి చూశాం, సరిపోయింది. వెబ్‌సైటులో ఇదెందుకు పెట్టలేదని బావ ఫోన్‌లో అడిగితే, అడిగినవాళ్లు ఎవరూ లేరండీ అన్నాడట.

నేను తిరుగు ప్రయాణమయ్యే రోజు ఉదయం లారీ వచ్చింది. ట్యాగు మీది హీట్ నంబరు పత్రంతో కలిసింది. బావ పక్కనున్న తుక్కు కొట్టు నుంచి కాటా తెప్పించి, వచ్చిన కట్టల్లోంచి తనకు నచ్చిన మూడు కడ్డీలు లాగించి తూయించాడు. 10.4, 10.5, 10.4. నోటుబుక్కులో రాసుకుని సంతకం కూడా పెట్టుకున్నాడు, ఎవరికి చూపించడానికో మరి.

అటు పక్కన కడ్డీలు వంచే కుర్రాడు స్తంభాలకు చుట్టే రింగులు తయారు చేస్తున్నాడు. కొసలను తొంభై డిగ్రీల దగ్గర ఆపేస్తున్నాడు. భూకంపం తట్టుకునే కట్టడాలకు కొసను 135 డిగ్రీలు, అంటే లోపలి కాంక్రీటులోకి దిగేలా వంచాలని 2016 నాటి ఐఎస్ 13920 చెబుతుంది. తొంభై దగ్గర ఆపితే ఊపు వచ్చినప్పుడు రింగు విచ్చుకుపోతుంది. రాయ్‌పూర్ లాంటి తక్కువ ముప్పు ఊళ్లో అది తప్పనిసరి కాదు. బావ వినలేదు. పక్కన కూర్చుని, తను ఒక రింగు తీసుకుని, చేత్తో చూపిస్తూ ఛత్తీస్‌గఢీలో చెప్పడం మొదలుపెట్టాడు. కుర్రాడు కాసేపు విని, మరో రింగు అందుకుని కొసను ఇంకాస్త లోపలికి తిప్పాడు.